ముందు నీళ్లు, తర్వాత నాటకమా?

అనంతపురంలో నాటకం గురించో, కచేరీ గురించో, బొమ్మలాట గురించో మాట మొదలుపెడితే చాలు, ఎవరో ఒకరు అడ్డం పడతారు. "ముందు నీళ్లు రానీ సామీ. కడుపు నిండినాక చూసుకుందాం ఆటలూ పాటలూ." ఆ మాట అనేవాళ్లు కళ మీద కోపంతో అనరు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. ఆ కాస్తయినా వేరుశనగ ఊడలు దిగే వేళకు పడితేనే కాయ, లేకుంటే ఒట్టి కట్టె. బోరు మీద బోరు వేసి అప్పుల్లో మునిగిన రైతులు, తాళం వేసి బెంగళూరుకు కూలికి పోయిన ఇళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. ఇలాంటి చోట కళ గురించి మాట్లాడడం తప్పేమో అన్న సంకోచం చదువుకున్నవాళ్లలోనూ ఉంది.

ఆ సంకోచాన్ని గౌరవిస్తాను గానీ, ఆ మాటను మాత్రం ఒప్పుకోలేను. ఈ నేల చరిత్రే దాన్ని ఒప్పుకోదు. పంట బాగా పండిన ఏడు మిగిలిన డబ్బుతో చేసుకునే సరదాగా ఇక్కడ ఆట ఎప్పుడూ లేదు. వాన రాని ఏడు కూడా జనం కూడబలుక్కుని ఆటగాళ్లను పిలిపించుకున్నారు. నీళ్లూ పాటా ఒకదాని తర్వాత ఒకటి రావాలన్న వరుస మన పెద్దలు పెట్టింది కాదు. అది ఈమధ్య మనం పెట్టుకున్నది.

వాన వెనకబడితే మా పల్లెలు ఏం చేసేవో పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటి ముందూ నీళ్లు పోయించేవాళ్లు. గుడి దగ్గర విరాటపర్వం చదివించేవాళ్లు. ఇంటికింత అని చందా వేసుకుని తోలుబొమ్మలాట వాళ్లను పిలిపించి, అదే విరాటపర్వాన్ని తెల్లవార్లూ ఆడించేవాళ్లు. గాదె అడుగంటిన ఏడు ఇచ్చిన చందా అది. విరాటపర్వమే ఎందుకు అన్నదానికి పండితులు ఏ కారణమైనా చెప్పనీ, నాకు తోచేది ఒకటుంది. రాజులుగా పుట్టినవాళ్లు ఏడాదిపాటు పేర్లు దాచుకుని, ఒకడు వంటవాడిగా, ఒకడు నాట్యం నేర్పేవాడిగా, ఒకడు గుర్రాల కాపరిగా బతికి, గడువు తీరగానే సొంత రూపంతో బయటికొచ్చే కథ అది. ఎన్ని నెలలైనా ఓపిక పట్టాల్సిన మెట్ట రైతుకు అంతకంటే దగ్గరి కథ ఇంకేముంటుంది?

ఇంకొంచెం వెనక్కి పోతే చరిత్రే సాక్ష్యం చెబుతుంది. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పిచేసిన మహాక్షామాన్ని మనవాళ్లు ధాత కరువని పిలిచారు. దత్తమండలాలు ఆ కరువుకు దారుణంగా బలయ్యాయి. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు, ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గానీ విడిపోలేదు. ఆ కరువు నుంచి ఇంకా తేరుకోకముందే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం 'కీచక వధ' ఆడింది. వాళ్లు అంతకుముందు తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాలవాళ్లు. తెర వెనకనుంచి బొమ్మను ఆడించిన చేతులు తెర ముందుకొచ్చి తామే పాత్రలయ్యాయి. వాళ్లు ఎంచుకున్న మొదటి కథ కూడా విరాటపర్వంలోదే. సురభి నాటక సమాజాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

అదే దశకంలో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టి 'చిత్రనళీయం' ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడని తెలుగువాళ్లు పిలుచుకునే ఆయన ఈ ధర్మవరంలో 1853లో పుట్టినవారే. తెలుగులో విషాదాంత నాటకానికి దారివేసిన 'విషాద సారంగధర' ఆయనదే. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన చావులను కళ్లారా చూసిన తరం రాసిన, చూసిన నాటకాలివి. కరువు కళను పుట్టిస్తుందని నేను చెప్పడం లేదు. ఆకలికి అంత గొప్పతనం అంటగట్టకూడదు. కరువు దాటి బతికి బట్టకట్టిన మనుషులు తిరిగి కూడగట్టుకున్న మొదటి వాటిలో రంగస్థలం ఒకటి అన్నదే నా మాట. తిండి తర్వాత చాలాకాలానికి గుర్తొచ్చే వస్తువైతే దాన్ని అంత తొందరగా వెతుక్కునేవాళ్లు కాదు.

ఎందుకు వెతుక్కున్నారు? నాకు దొరికిన జవాబు ఆట చూస్తూ కూర్చున్నప్పుడు దొరికిందే.

ధర్మవరం దాటిపోతే నిమ్మలకుంట. ఇప్పుడది శ్రీసత్యసాయి జిల్లా లెక్కలోకి పోయింది గానీ, జిల్లాలు విడిపోయినంత మాత్రాన ఆట విడిపోదు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, వెంట్రుక గీకి, వెలుగు అవతలికి కనపడేంత పలచన చేసి, బిగలాగి ఆరబెడతారు. దానిమీద బొమ్మ గీసి, చిన్న ఉలితో వందలాది బెజ్జాలు కొడతారు. తెరమీద దీపం వెలుగు ఆ బెజ్జాల గుండా వచ్చినప్పుడే అవి హారాలూ కిరీటాలూ అవుతాయి. రెండు పక్కలా రంగులు వేస్తారు. మోచేతులు, భుజాలు, మెడ విడివిడిగా చేసి దారంతో కట్టి, నడుమ వెదురు బద్ద పెడతారు. మన బొమ్మలు చిన్నవి కావు, దాదాపు మనిషెత్తు ఉంటాయి. హనుమంతుడు తెరమీదికి వస్తే పిల్లలు వెనక్కి జరుగుతారు.

అయితే ఇవన్నీ బొమ్మ గురించిన సంగతులు. ఆట వేరు. తెర వెనక ఒక కుటుంబం మొత్తం నిలబడి ఉంటుంది. తండ్రి పద్యం ఎత్తుకుంటాడు, భార్య సీత గొంతు పలుకుతుంది, కొడుకు మద్దెల వాయిస్తాడు, ఇంకొకరు హార్మోనియం. యుద్ధం వచ్చిందంటే కాలికింద చెక్కపలకలు దడదడమంటాయి. నడుమ నడుమ హాస్యపాత్రలు బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చి ఆ ఊరి మాటల్లోనే తిట్టుకుంటారు, ఊళ్లో నిన్న జరిగిన గొడవను కూడా వదలరు. నేను చూసిన ఆటల్లో రాముడి పద్యం కంటే ఈ ముగ్గురి దగ్గరే జనం ఎక్కువ బతికారు. నవ్విన చోట ఆటగాడు ఇంకాస్త లాగుతాడు, జనం జావగారితే కథను ముందుకు దూకిస్తాడు. అంటే ఆ రాత్రి కథ ఎంత పొడవుండాలో తెర ముందువాళ్లూ తెర వెనకవాళ్లూ కలిసి తేలుస్తున్నారు. ఎవరికీ కనపడకుండా ఒక ఒప్పందం నడుస్తుంటుంది. కరువులో ఊరు ముక్కలవుతుంది. నీటి దగ్గర తగాదా, అప్పు దగ్గర తగాదా, ఒకరి బోరులో పడిన నీళ్లు ఇంకొకరికి పడలేదన్న బాధ. ఆ ఊరంతా ఒక తెరముందు కూర్చుని, ఒకే చోట నవ్వి, ఒకే చోట ఊపిరి బిగబట్టిన రాత్రికి ఉన్న విలువ రూపాయల్లో రాదు. నాకు దొరికిన జవాబు అదే. మనం ఇంకా ఒక ఊరివాళ్లమేనని రుజువు చేసుకోవడానికి జనం ఆటను పిలిచారు.

అందుకే నిమ్మలకుంట విషయంలో నాకు సంతోషం, దిగులు రెండూ ఉన్నాయి. ఆ ఊళ్లో ఇవాళ తోలుతో దీపపు తొడుగులు, గోడ బొమ్మలు, తలుపుకు వేలాడే అలంకారాలు చేసి ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు. ఆ పనే వాళ్లకు అన్నం పెడుతోంది. పిల్లల చదువులు దానిమీదే నడుస్తున్నాయి. దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ కొనేవాళ్లం ఒకటి ఆలోచించాలి. మనింటి హాల్లో వేలాడే తోలు దీపం బాగుంటుంది, అది మాట్లాడదు. ఉలిపని కొత్త తరానికి అందుతోంది. రాత్రంతా నోటికొచ్చిన పద్యాలతో, అప్పటికప్పుడు పుట్టిన మాటలతో కథ నడిపే విద్య అందాలంటే మాత్రం చేయించుకునేవాళ్లు కావాలి. దీపం కొన్న ప్రతి ఇల్లూ కలిసి ఏడాదికొక ఆట చేయించుకుంటే ఆ విద్య నిలబడుతుంది.

ఈ అప్పటికప్పుడు అన్నదే నన్ను అన్నింటికంటే ఎక్కువగా పట్టుకుంది. మన టౌన్లో అవధానం చూసినవాళ్లకు దాని రుచి తెలుసు. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు ఈ అక్షరం వాడకూడదని నిషేధిస్తారు, ఒకరు అర్థం లేనట్టుండే పాదమిచ్చి పూరించమంటారు, ఒకరు నాలుగు అన్యదేశ్యాలిచ్చి భారత కథలో ఇమడ్చమంటారు, ఒకరు మధ్యమధ్య గంట కొడతారు, ఇంకొకరు పొంతనలేని ప్రశ్నలతో దారి తప్పిస్తారు. చివరికి పద్యాలన్నీ ధారణలో ఒప్పజెప్పాలి. ఒకసారి నోటినుంచి వచ్చిన అక్షరాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. సభలో కూర్చున్నవాడికి కూడా గుండె దడదడలాడుతుంది, ఎందుకంటే పద్యం ఇంకా పుట్టలేదు, పుడుతుందన్న హామీ కూడా లేదు.

ఆశావాది ప్రకాశరావు ఈ జిల్లా మనిషి. శింగనమల మండలం కొరివిపల్లిలో, దళిత కుటుంబంలో పుట్టారు. తరతరాలుగా ఒక వర్గానికే చెందినదని అందరూ అనుకున్న ఆ ఆసనం మీద కూర్చుని అవధానాలు చేశారు. 2021లో పద్మశ్రీ ప్రకటించారు, 2022 ఫిబ్రవరిలో ఆయన వెళ్లిపోయారు. ఆయన పద్యాలు పుస్తకాల్లో దొరుకుతాయి. అవి పుట్టిన క్షణం మాత్రం ఆ సభల్లో ఉన్నవాళ్లకే దక్కింది. ఇంకొకటి కూడా ఆ సభల్లోనే జరిగింది. ఎవరు ఏ విద్యకు అర్హులన్న పాత నమ్మకం అందరి కళ్లముందే, పద్యం తర్వాత పద్యంగా కూలింది. వ్యాసం రాసి ఒప్పించలేని సంగతిని వేదిక మీద ఒక మనిషి చేసి చూపించగలడు. ప్రత్యక్ష కళకు ఉన్న బలం అది.

తాడిపత్రిలో 1880 ఆగస్టు 2న పుట్టిన బళ్లారి రాఘవ కూడా వేదికనే అలా వాడుకున్నారు. బళ్లారిలో పేరున్న వకీలు, ధర్మవరం రామకృష్ణమాచార్యులకు మేనల్లుడు. మగవాళ్లు ఆడవేషాలు కట్టే కాలంలో స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. కొప్పరపు సరోజిని, కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో కలిసి నటించారు. పద్యాన్ని రాగాలతో సాగదీయడం కంటే పాత్ర మనసు పలికించడం ముఖ్యమన్నారు. 1928లో ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశారు. తర్వాత కొన్ని సినిమాల్లోనూ నటించారు గానీ, ఆయన పేరు ఇంకా నిలిచి ఉన్నది నాటకం వల్లే. పల్లెలో కురుక్షేత్రం ఆడుతుంటే పడకసీను దగ్గర జనం వన్స్‌మోర్ అని అరవడం, కృష్ణ వేషధారి పద్యం మళ్లీ ఎత్తుకోవడం నాకు ఎంతో ఇష్టం. రాఘవకు బహుశా అది నచ్చేది కాదు. రెండూ ఈ గడ్డ నాటకాలే. ఒకటి జనం అడిగింది ఇచ్చింది, ఇంకొకటి జనం అడగనిదాన్ని వాళ్ల ముందు పెట్టింది. ఊరికి రెండూ కావాలి.

ఇక్కడ దాటవేయకూడని మాట ఒకటుంది. మన కళల్లో చాలావాటిని కళాకారులు తామే కోరి పట్టుకోలేదు, కులం వాళ్ల నెత్తిన పెట్టింది. ఉరుములు మన జిల్లా ఆట. వాద్యానికి ఒక పక్క పుల్లతో కొట్టి, ఇంకో పక్క వంపు పుల్లతో రుద్దుతుంటే వచ్చే ధ్వని కడుపులోకి దిగుతుంది. చౌడమ్మ, గంగమ్మ లాంటి గ్రామదేవతల ముందు గజ్జెకట్టి తిరుగుతారు. ఆ మోత వింటే ఒళ్లు జలదరిస్తుంది నాకు. కానీ వాయించేవాళ్లు దళితులు. జాతరలో ముందు నడిచినవాళ్లను జాతర అయ్యాక ఊరు ఎక్కడ కూర్చోబెట్టిందో మనకు తెలుసు. వాళ్ల మనవళ్లు ఆ పని మాకొద్దని చదువుకుని ఉద్యోగాలకు పోతే, కళ చచ్చిపోతోందని మనం కన్నీళ్లు పెట్టుకోవడం అన్యాయం. వాళ్లు వదిలించుకుంటున్నది వాద్యాన్ని కాదు, దానితోపాటు అంటగట్టిన అవమానాన్ని. ఉరుములు బతకాలంటే వాయించినవాడికి వాద్యగాడికి ఇవ్వాల్సిన గౌరవం, సంగీత విద్వాంసుడికి ఇచ్చే పారితోషికం దక్కాలి. ఏ కులం పిల్లలైనా వచ్చి నేర్చుకునేట్టు ఉండాలి. నార్పల మండలం గూగూడులో మొహర్రం నాడు కుళ్లాయిస్వామి పీర్ల ముందు హిందువులూ ముస్లింలూ కలిసి పాడి ఆడతారు. తమది కాని పండగను తమదిగా చేసుకోవడం మన జనానికి చేతకాని పని కాదు. దాన్ని కళ విషయంలోనూ చేయాలి.

ఇప్పుడు టౌన్ సంగతికి వద్దాం. లలిత కళాపరిషత్తు వేదిక ఉంది. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పెద్ద పెద్ద ఆడిటోరియాలున్నాయి. వీధికొకటి కాకపోయినా పేటకొక డాన్సు క్లాసు ఉంది. పిల్లలు కూచిపూడి, భరతనాట్యం, కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు. ఇది కరువు ఊరు కాదు, ఈ విషయంలో. కరువు కుర్చీల్లో కూర్చునేవాళ్లకే. పిల్ల డాన్సు అయిపోగానే తల్లిదండ్రులు లేచి వెళ్లిపోతారు, తర్వాతి పిల్ల సగం ఖాళీ హాలులో ఆడుతుంది. నాటక పోటీల్లో న్యాయనిర్ణేతలు, పోటీదారులు, వాళ్ల బంధువులు తప్ప మామూలు జనం తక్కువ. పెద్ద సభ ఏదైనా జరిగితే సాంస్కృతిక కార్యక్రమం అని పెట్టి, ముఖ్య అతిథి కారు దిగేవరకు కాలక్షేపం చేయిస్తారు. కారు రాగానే చెక్కభజన వాళ్లను పదం మధ్యలో ఆపించిన సభలో నేను కూర్చున్నాను. వాళ్లు చెక్కలు దించి పక్కకు నిలబడిన తీరు నాకు మరపు రాదు. తెల్లవార్లూ ఆడగలిగినవాళ్లకు పది నిమిషాలిచ్చి, ఆ పది నిమిషాలూ పూర్తిగా ఇవ్వని పద్ధతికి మనం అలవాటుపడ్డాం.

డబ్బు లేక ఇలా ఉన్నామంటే నమ్మలేను. పెళ్లి మంటపానికి, డీజేకు, డ్రోన్ కెమెరాకు ఈ ఊళ్లో ఖర్చుపెడుతున్నది చూస్తూనే ఉన్నాం. నాటకం మాత్రం ఉచితంగానే చూడాలన్న అలవాటు మనల్ని పాడుచేసింది. పల్లెలో చందా వేసుకున్నవాడికి ఆట మీద హక్కుండేది. బాగా ఆడకపోతే అడిగేవాడు, బాగా ఆడితే పైన ఇంకో నోటు చదివించేవాడు. ఉచితంగా వచ్చినవాడికి ఆ బంధం లేదు, మధ్యలో లేచిపోయినా బాధ లేదు.

పక్కనే కర్ణాటకలో షిమోగా జిల్లా హెగ్గోడు అని ఒక పల్లె ఉంది. 1949లో అక్కడివాళ్లు నీనాసం అనే నాటక సంస్థ పెట్టుకున్నారు. కె.వి. సుబ్బణ్ణ దాన్ని పెంచారు, 1991లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. నటులకు శిక్షణ ఇచ్చే పాఠశాల, 1985 నుంచి రాష్ట్రమంతా తిరిగే 'తిరుగాట' నాటక బృందం ఆ పల్లెలో పుట్టాయి. వక్కతోటల పల్లె, వానలు దండిగా పడే మలెనాడు, మనతో పోలికేంటి అని అడగొచ్చు. వానలు అక్కడ వక్క పండించాయి, నాటకాన్ని పండించలేదు. అదే ఊరివాళ్లు దశాబ్దాల తరబడి వచ్చి కూర్చోవడం వల్ల అది నిలబడింది. ఆ పని చేయడానికి మెట్టా మాగాణీ తేడా లేదు.

మనం చేయగలిగినవి చెబుతాను, పెద్ద పథకాలేమీ అక్కర్లేదు. నెలలో ఒక శనివారం రాత్రిని ఆటకు కేటాయించుకుందాం, ఎవరు ఆడినా అదే రోజు, అదే వేళ. ముఖ్య అతిథులు, శాలువాలు, జ్ఞాపికలు ఆ రాత్రికి వద్దు. టికెట్ పెడదాం, విద్యార్థికీ కూలీకీ తక్కువ ధర, మిగతావాళ్లకు మామూలు ధర. ఆడినవాళ్లకు మాట్లాడుకున్న డబ్బు ఆ రాత్రే చేతిలో పడాలి, బిల్లు పెట్టి ఆర్నెల్లు తిప్పుకోకూడదు. ఆట పూర్తిగా జరగాలి. మూడు గంటల ఆటైతే మూడు గంటలు. ధర్మవరం, తాడిపత్రి, గుత్తి, కళ్యాణదుర్గం వైపు పోయేవాళ్లకు ఆట వదిలాక బస్సు దొరికేట్టు ఆర్టీసీతో మాట్లాడాలి. బడిపిల్లలను ఏడాదికొకసారైనా నిమ్మలకుంట తీసుకుపోయి, బొమ్మ తయారీతో సరిపెట్టకుండా దీపం వెలిగించిన తెర ముందు కూర్చోబెట్టాలి. డాన్సు నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు తమ పిల్లతోపాటు ఇంకొకరి పిల్ల ఆట కూడా చివరిదాకా చూడాలి. ఫోన్‌లో తీసుకోవద్దని అనను గానీ, మొదటి పదం అయ్యాక జేబులో పెట్టేయమంటాను. ఆడేవాళ్లకు మన కళ్లు కనపడాలి.

నీళ్ల కోసం కొట్లాడుతూనే ఉందాం. హంద్రీ-నీవా కాలువ కోసం, చెరువుల కోసం, పంట బీమా కోసం అడుగుతూనే ఉందాం. ఆ కొట్లాటకూ ఒకచోట కూడి కూర్చునే అలవాటు కావాలి. పక్కపక్కన కూర్చోవడం మరిచిన ఊరు కాలువనూ సాధించుకోలేదు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' రాసింది ఈ కరువు మీదే. కరువు పోయేదాకా ఆగుదామని ఆయన అనుకుని ఉంటే ఆ కావ్యం ఉండేది కాదు.

ఈ నేలకు మళ్లీ కరువు వస్తుంది, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ ఏడు ఊరంతా చందా వేసుకుని పిలిస్తే రావడానికి ఆటగాళ్లు మిగిలి ఉండాలి. మిగిలి ఉండాలంటే మనం ఈ ఏడు, ఈ నెలే టికెట్టు కొనాలి, వెళ్లి కూర్చోవాలి, చివరిదాకా ఉండాలి.